ఇస్త్రీ పోయిన గౌను

ఆవిడ ఆ సంస్థలో చేరి ఎనిమిదేళ్లు. పేద పిల్లల ఇళ్లకు వెళ్లి, వివరాలు రాసుకుని, ఫోటో తీసుకురావడం పని. ఫోటో చూసి దాతల మనసు కరిగితే పిల్లకు హాస్టల్ సీటు, చదువు. కరగకపోతే అంతే సంగతులు.

ఆ రోజు వెళ్లింది బట్టలు ఇస్త్రీ చేసే తల్లి ఇంటికి. ఉన్నది ఒక్క గది, అందులో సగం ఇస్త్రీ బల్లదే. ఊళ్లోవాళ్ల బట్టలు గుట్టగా పడి ఉన్నా, పెట్టె కాగగానే తల్లి మొదట రుద్దింది కూతురి గౌనునే. పదేళ్ల పిల్ల పసుపు గౌను తొడుక్కుని, నలుగుతుందని కూర్చోకుండా గంట నుంచి నిలబడే ఉందట.

ఆవిడ గతుక్కుమంది. ఇంత ముచ్చటగా ఉన్న పిల్లను చూసి ఎవరు జాలిపడతారు? పోయినేడాది కొత్త బట్టల్లో ఫోటో తీసిన పిల్లాడి కాగితాలు తిరిగొచ్చాయి. గోడకేసి చూస్తూ అడిగింది, "పాత గౌను ఏదైనా ఉందా అమ్మా?"

తల్లి బల్ల కిందికి వంగింది. అవసరం అలాంటిది. మసిగుడ్డలకు చింపుదామని పక్కన పడేసిన గౌను వెతికి తీసింది. పిల్ల అది తొడుక్కొచ్చి, సాయం చేస్తున్నట్టే అడిగింది.

"అక్కా, ఏడుపు మొహం పెట్టాలా?"

ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది. అయినా మూడు ఫోటోలు తీసింది. వాళ్ల ఆఫీసు గోడ మీద పాతికేళ్లుగా ఒక ఫోటో ఉంది: చిరుగుల లంగాలో ఓ పిల్ల. అది తనే. ఎవరని అడిగితే తెలీదని బొంకుతుంది. ఆ రోజు తన కొత్త లంగా విప్పించిన మనిషి మీద ఇప్పటికీ పళ్లు నూరుతుంది. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. ఈవిడకు ఇవాళ తెలిసింది.

వెళ్లబోతుంటే తల్లి నసిగింది, పిల్లది ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదని, ఒకటి ఇస్తే గోడకు పెట్టుకుంటానని. ఆవిడ ఫోన్ తెరిచి, మూడూ చూసి, మూసేసింది.

"పసుపు గౌను వేసుకో తల్లీ. మీ అమ్మకోసం ఇంకోటి తీస్తాను."

పిల్ల మూలన విడిచిన గౌను ఎత్తి చూసింది. "వద్దక్కా. ఇస్త్రీ పోయింది."

తల్లి ఎవరిదో చొక్కా పక్కకు నెట్టి, మళ్లీ పెట్టె అందుకుంది. కూర్చోమన్నా ఆవిడ కూర్చోలేకపోయింది.

నాలుగో ఫోటోలో పిల్ల నవ్వింది. బస్సెక్కాక ఆవిడ ఆఫీసుకు పంపింది మాత్రం మొదటి మూడే. పిల్లకు సీటు కావాలి.