చీటీ అందుకునేవాడు

"కాంపొనెంట్ అంటే, మత్‌లబ్, ఒక ముక్క నాన్నా. ఒకసారి రాసుకుంటే ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. దానికి కావలసిన వివరాలు పైనుంచి పంపిస్తాం."

బంగార్రాజు నోట్‌బుక్ మీంచి తల ఎత్తి పైకి చూశాడు. పైన ఫ్యాను తప్ప ఏమీ లేదు.

"సరే, తర్వాత?" అన్నాడు.

పొద్దున్నే రైల్వే క్వార్టర్ వసారాలో కూర్చుని కూతురి చేత పాఠం అప్పజెప్పించుకోవడం ఆయనకి ఇరవై ఏళ్ల అలవాటు. ఊర్మిళ రెండో ఎక్కం నేర్చుకున్ననాడు మొదలైంది. ఇప్పుడామెకి ఇరవై ఆరు. బీకాం అయింది, రైల్వే పరీక్ష మూడుసార్లు తప్పింది, ఇప్పుడు నెహ్రూ నగర్‌లో వెబ్ పేజీలు తయారుచేయడం నేర్చుకుంటోంది. ఏది నేర్చుకున్నా నాన్నకి అప్పజెప్తే గాని ఆమెకి నేర్చుకున్నట్టుండదు. ఆ కోడు ఆయనకి ఒక్క ముక్క అర్థం కాదు. అయితే ముప్ఫై నాలుగేళ్లుగా ఈ హిందీ ఊళ్లో రైలు వ్యాగన్ల మీద అక్షరాలూ అంకెలూ వేస్తున్నవాడి కన్ను అది. ఆమె చూడకుండా రాసిన కాగితాన్ని నోట్‌బుక్ పక్కన పెట్టుకుని, వేలితో ఒక్కో గుర్తూ పోల్చుకుంటూ పోతాడు.

"ఇక్కడ వంపు బ్రాకెట్టు తెరిసినావు. మరి మూసినావేటి?"

"అరే! మర్చిపోయాను."

ఆ ఒక్క మాటకి ఆయన మొహం వెలిగిపోయింది.

ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఒక కంపెనీవాళ్లు ఆమె నేర్చుకునే చోటికి వచ్చి, ఎవరి పేజీ వాళ్లచేత నడిపించి చూస్తారు. నడిస్తే ఉద్యోగం. ఊర్మిళకి ఇది మూడో కంపెనీ. నాన్న చెప్పిన నంబర్లతోనే ఆమె వ్యాగన్ల జాబితా ఒకటి తయారుచేసింది. ఒక్కో వ్యాగన్‌కి నంబరు, మళ్లీ మరమ్మతుకి రావలసిన తేదీ, ఆ తేదీ మార్చడానికి ఒక బటన్. బటన్ నొక్కితే తేదీ మారడం లేదు.

"లోపల మారుతోంది నాన్నా, నేను చూశాను. తెర మీద పాతదే ఉండిపోతోంది."

"మారిపోతే కనబడాలి గదా?"

"అదే నాకూ తెలియట్లేదు," అంది ఊర్మిళ. ఆయన క్యారేజీ అందుకుని సైకిలెక్కాడు.

వ్యాగన్ల డిపోకి వెళ్లే దారి పొడుగునా అదే ఆలోచన. మారింది, కానీ మారలేదు. అదెలాగ? లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు ఎత్తినా కదలకుండా నిలబడిపోతే, వెనక ఆటోవాడు హిందీలో నాలుగు తిట్టాడు.

షెడ్డులో బొగ్గు వ్యాగన్లు వరసగా ఉన్నాయి. బంగార్రాజు పని చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. రేకులో కత్తిరించిన అంకెని ఎడమచేత్తో వ్యాగన్‌కి అదిమిపెట్టి, కుచ్చు అరిగిన బ్రష్‌తో తెల్లరంగు అద్దాలి. రుద్దకూడదు, రుద్దితే రంగు రేకు కిందికి కారుతుంది. తీశాక రేకు వెనక గుడ్డతో తుడవాలి. ఇన్నేళ్లలో ఆయన్ని మెచ్చుకున్నవాళ్లు లేరు, తిట్టినవాళ్లూ తక్కువే. ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతాడు. ఈమధ్య ఎడమ భుజం లాగుతోంది. రేకు ఎత్తిపట్టుకోవడం వల్లే అనుకుంటున్నాడు.

పన్నెండు కావస్తుండగా ఆఫీసు గుమస్తా శంకరరావు విసవిసా వచ్చాడు.

"ఏటి బంగార్రాజు గారూ, ఈ వ్యాగన్ తేదీ మొన్ననే మార్సీసినాం గదా? ఇంకా పాతదే ఉందేటి?"

"ఎక్కడ మార్సినారు బాబూ?"

"కంప్యూటర్లో."

"నాకు సీటీ రాలేదు గదా. సీటీ రాందే నేను బ్రష్ ఎత్తను."

అది డిపోలో అందరికీ తెలిసిన పద్ధతే. శంకరరావు నాలిక్కరుచుకుని, అక్కడికక్కడే చీటీ రాసిచ్చాడు. బంగార్రాజు దాన్ని చేత్తో పట్టుకుని, వ్యాగన్ మీది పాత తేదీకేసి చాలాసేపు చూశాడు. లోపల మారింది, బయట మారలేదు. వెంటనే ఫోన్ తీసి కూతురికి చేశాడు.

"ఊర్మిళా, తేదీ నువ్వే మార్సీసినావా, పెయింటరుకి సీటీ పంపినావా?"

"ఏ పెయింటర్ నాన్నా?"

"నీ తెర మీద రాసీవోడు ఎవుడో ఒకడు ఉంటాడు గదా. సీటీ అందకపోతే ఆడికేటి తెలుస్తాది?"

అవతలనుంచి "నాన్నా, ఉండు ఉండు," అని వినిపించింది, లైను తెగిపోయింది.

విసుక్కుందేమో అనుకున్నాడు బంగార్రాజు. పరీక్ష పూట పిల్లని పట్టుకుని తన పిచ్చి మాటలు చెప్పాడు. సిగ్గేసింది. అయినా ఒక సందేహం వదల్లేదు. చెవి మీద పెట్టుకున్న పెన్సిల్ తీసి చీటీ వెనక ఏదో రాసుకున్నాడు. పాత తేదీ మీద నల్లరంగు పూసి, అది ఆరాక కొత్త తేదీ అద్దాడు. ఆఖరి అంకె రేకు తీసి వెనక తుడిచి, వ్యాగన్ నీడలో చెక్క దిమ్మ మీద కూర్చున్నాడు. క్యారేజీ విప్పలేదు.

రెండున్నరకి శంకరరావు వచ్చి పిలిచాడు. కునుకు తీస్తున్నాడనుకుని భుజం తట్టాడు. బంగార్రాజు మరి లేవలేదు.

నెహ్రూ నగర్‌లో పరీక్షకి ముందు అందరి ఫోన్లూ తీసుకుని అలమారలో పెట్టేశారు. ఊర్మిళ బటన్ నొక్కింది. తేదీ మారింది. ఆమె ఈసారి విలువని నేరుగా మార్చలేదు, మార్చమని, తెర మీద రాసే పని చూసే ఫ్రేమ్‌వర్క్ అనే ప్రోగ్రాంకి చెప్పింది, అంతే తేడా. అయిదింటికి ఫోన్ చేతికి రాగానే ముందు నాన్నకే చేసింది. శంకరరావు ఎత్తాడు.

మర్నాడు ఆ వ్యాగన్ కొత్త తేదీతో బొగ్గు కోసం కోర్బా వెళ్లిపోయింది. పదకొండోనాడు శంకరరావు వచ్చి బంగార్రాజు సంచీ ఇచ్చాడు. క్యారేజీ, బ్రష్, గుడ్డ, వాటి అడుగున నాలుగు మడతల చీటీ. చీటీ వెనక పెన్సిల్‌తో తెలుగులో రాసి ఉంది. హిందీ బడిలో చదువుకున్న ఊర్మిళకి తెలుగు చదవడం సరిగ్గా రాదు. వసారాలో ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి అప్పజెప్పింది.

"చీటీ అందుకునేవోడి పేరేటి? ఊర్మిళని అడగాల."

"ఫ్రేమ్‌వర్క్, నాన్నా," అని ఆమె జవాబు పైకే చెప్పింది, రెండుసార్లు. ఒళ్లో చీటీ ఉంది, దాని అంచున తెల్లరంగు బొటనవేలి ముద్ర.