వరహాలమ్మ ముక్కుపుడకలూ, నేనూ

నేను ఒక ముక్కు మందు సీసాను. అరచేతిలో ఇమిడిపోయేంత తెల్లటి ప్లాస్టిక్ సీసాను. నెత్తిన సన్నటి గొట్టం, దాని మీద టోపీలాంటి మూత. నా ఒంటికి అతికించిన కాగితం మీద స్టెరాయిడ్ జాతి మందు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ ఒక్క మాట చదివి నన్ను పామును చూసినట్టు చూసినవాళ్ళు చాలామంది. అందుకే ముందే చెబుతున్నాను, నేను సంజాయిషీ ఇచ్చుకోవడానికి రాలేదు. చేయని తప్పుకు ఇప్పటిదాకా పడ్డ మాటలు చాలు.

ఎక్కడో ఉత్తరాదిన, కొండల మధ్య ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. నాలో నూట ఇరవై తుంపరలకు సరిపడా మందు కొలిచి పోశారు. నా పక్కనే పెట్టెలో ఒక మడత కాగితం కూడా పెట్టారు. నన్ను ఎలా ఊపాలో, ఎటు తిప్పి పట్టుకోవాలో అందులో బొమ్మలతో సహా ఉంది. ఆ మడత విప్పి చదివిన మనిషి మాత్రం నాకు ఇంతవరకూ తగల్లేదు. లారీలు మారి, గోడౌన్లలో దుమ్ము తిని, మండపేటలో ఒక మందుల షాపు అరలో కుదురుకున్నాను. అక్కడి నుంచి వరహాలమ్మ చేతిలో పడ్డాను.

వరహాలమ్మకు యాభై మూడేళ్ళు. ఇంటి వెనుక తాటాకు సపారు కింద పొయ్యి పెట్టి నెయ్యి కాచి అమ్ముతుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే వెన్న ముద్దను ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, అది నిన్న తీసిందో నాలుగు రోజుల నాటిదో, అందులో డాల్డా కలిసిందో లేదో చెప్పేసేది. బాణలిలో నెయ్యి ఎప్పుడు దించాలో ఆమె కంటితో చూసేది కాదు. పొయ్యికి వీపు పెట్టి కూర్చుని మరీ "ఇప్పుడు దించండి" అనేది. ఊళ్ళో పెద్ద మిఠాయి కొట్టు తాతబ్బాయి పదిహేనేళ్ళుగా ఆ మాట మీదే వ్యాపారం నడిపాడు.

అలాంటి ముక్కు రెండేళ్ళుగా మూసుకుపోయింది. పక్కనే రైసుమిల్లు, గాలి వాటున వచ్చే ఊక దుమ్ము. పొద్దున లేస్తే వరసపెట్టి తుమ్ములు, కళ్ళ దురద, ఆ తర్వాత రెండు ముక్కులూ దిబ్బడ. వాసన కొద్దికొద్దిగా తగ్గి చివరికి పూర్తిగా పోయింది. తెలిసిన ఇళ్ళ వెన్న మాత్రమే కొంటూ, పాత అలవాటు మీద నెట్టుకొచ్చింది. నాకంటే ముందు ఆ ఇంట్లో ఒక చుక్కల సీసా రాజ్యం చేసింది. వేసిన ఐదు నిమిషాలకల్లా ముక్కు తెరిపించే రకం. నాలుగు రోజులు వాడి మానేయాల్సిన దాన్ని ఆవిడ ఎనిమిది నెలలు వేసుకుంది. ముక్కు చుక్కలకు అలవాటుపడి, అవి లేకపోతే ఇంకా బిగుసుకుపోయేది. చిత్రమేమిటంటే, ఆ సీసాను ఆ ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. చివరికి ఆస్పత్రి డాక్టరమ్మ ఆ చుక్కలు మాన్పించి నన్ను రాసిచ్చింది. పొద్దునే ఒక్కో ముక్కులో రెండేసి తుంపరలు అంది. ఆవిడ ఇంకా ఏదో చెబుతుండగానే, వెన్న వచ్చే వేళయిందని వరహాలమ్మ లేచి వచ్చేసింది.

మొదటి రోజు నన్ను ముక్కులో కొట్టుకుని ఐదు నిమిషాలు చూసింది. ముక్కు తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టుకుంది. సాయంత్రం ఇంకోసారి. నేను చుక్కల సీసాను కాను తల్లీ, వాపును లోపలి నుంచి నెమ్మదిగా తగ్గించే మందును, పూర్తి గుణం కనబడాలంటే రెండు వారాలు పడుతుంది అని చెబుదామంటే నాకు నోరు లేదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. వరహాలమ్మకు రెండు ముక్కులకూ పుడకలున్నాయి. కుడివైపు తెల్లరాళ్ళ బేసరి, ఎడమవైపు వాళ్ళమ్మ పెట్టిన కెంపు. వాటి శీలలు లోపలికి లావుగా ఉంటాయి. నా మందు తగిలి రాళ్ళు మసకబారతాయని ఆవిడ భయం. అందుకని నా గొట్టాన్ని పుడకకు దూరంగా, రెండు ముక్కుల నడిమి గోడకేసి తిప్పి, తల వెనక్కి వాల్చి, బలంగా ఎగపీల్చేది. సగం మందు గొంతులోకి జారిపోయేది. మిగతాది రోజూ ఆ గోడ మీద ఒకే చోట పడేది. ఐదో రోజు చేతిగుడ్డ ఎర్రబడింది.

అప్పుడు దిగాడు మరిది సూరిబాబు. అన్నావదినల వ్యాపారం మీద ఎప్పటి నుంచో కన్నున్న మనిషి.

"నే చెప్పలేదా వదినా? స్టెరాయిడంటే అదేవన్నా తులసాకనుకున్నావా? ఎముకలు గుల్లయిపోతాయి, మొహం ఉబ్బిపోద్ది. ఫోనులో వచ్చింది, చూపించమంటావా?"

నన్ను తీసుకెళ్ళి ఉప్పు జాడీ వెనకాల పడేశారు. పదిహేను రోజులు ఆ చీకట్లో ఉడికిపోయాను. మాత్రలుగా నెలల తరబడి మింగే స్టెరాయిడ్లూ నేనూ ఒక్కటేనా? నా ఒక్క తుంపరలో ఉండేదెంత? అందులో ఒంట్లోకి చేరేదెంత? దారి తప్పించి కొట్టుకున్న చేతిని ఎవరూ అడగలేదు, నిందంతా నా పేరు మీదే వేశారు. అలాగని నేను అమాయకపు పన్నీరునని కూడా అనను. ముక్కు ఆరిపోవచ్చు, రక్తం రావచ్చు. కంట్లో నీటి ఒత్తిడి ఉన్నవాళ్ళు, ఈమధ్యే ముక్కుకు ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరుకు ముందే చెప్పి తీరాలి. మందును కాబట్టే నాకు లెక్క ఉంది, పద్ధతి ఉంది.

ఆ పదిహేను రోజుల్లోనే జరగరానిది జరిగింది. మురిగిన వెన్న ఒకటి వరహాలమ్మ చేతుల మీదుగా బాణలిలోకి వెళ్ళిపోయింది. తాతబ్బాయి నేతి డబ్బా మోసుకుంటూ తానే వచ్చాడు.

"ఏవనుకోకండి వరహాలమ్మగారూ, ఇది వాసనొస్తందండి. మాఘంలో పెళ్ళిళ్ళున్నాయి. నెయ్యి ఎవరిచేత కాయించాలో అప్పటికి తేల్చుకోవాలండి మరి."

"ఇంకెందుకు వదినా, కొనడం కాయడం నాకొదిలేసి నువ్వు కూకో," అన్నాడు సూరిబాబు వెంటనే.

వరహాలమ్మ లోపలికి వచ్చి ఉప్పు జాడీ జరిపి, నన్ను గుప్పిట్లో బిగించి, చెప్పులేసుకుని నేరుగా ఆస్పత్రికి నడిచింది. డాక్టరమ్మ బల్ల మీద నన్ను ఠక్కున పెట్టింది.

"ఇదుగోనండి మీ మందు. వాసన తెత్తాదన్నారు, రక్తం తెచ్చింది."

డాక్టరమ్మ లైటు వేసి ముక్కు లోపల చూసింది. పుండు మానిపోయింది, కండ కూడా పెరగలేదు అంది. "ఒక్కసారి నా ముందు కొట్టుకుని చూపించండమ్మా."

వరహాలమ్మ చూపించింది. డాక్టరమ్మకు అంతా అర్థమైంది. "ఆ నడిమి గోడకేసి ఎందుకు తిప్పుతున్నారు?"

"పుడక తడిసిపోద్దండి."

డాక్టరమ్మ నవ్వలేదు. నన్ను చేతిలోకి తీసుకుని ఊపింది. చాలా రోజులుగా వాడలేదు కాబట్టి ముందు గాలిలోకి రెండుసార్లు కొట్టింది. "ముందు ముక్కు చీదుకోండి. తల కొంచెం కిందికి వంచి కాలివేళ్ళు చూసుకోండి. కుడిముక్కుకి ఎడమచేయి, ఎడమముక్కుకి కుడిచేయి. అప్పుడు గొట్టం దానంతటదే బయటివైపుకి, చెవి వైపుకి తిరుగుతుంది. మెల్లగా పీల్చండి, పువ్వు వాసన చూసినట్టు. తుమ్ములున్నా లేకపోయినా రోజూ ఒక్కపూటే. రక్తం వస్తే ఆపేసి నా దగ్గరికి రండి."

"శీల అడ్డొస్తందండి."

"అయితే ఆ ఒక్క నిమిషం తీసి పెట్టుకోండి."

గొడవంతా అక్కడే మొదలైంది. మర్నాడు పొద్దున వరహాలమ్మ పుడకలు విప్పుతుంటే సూరిబాబు గడపలో నిలబడి గావుకేక పెట్టాడు. "అన్నయ్య బతికుండగా పుడకలు తీసేత్తావా? అరిష్టం కాదా?"

అన్నయ్య వీర్రాజు, రైసుమిల్లులో మేస్త్రీగా చేసి మానేసిన మనిషి, మంచం మీద కాఫీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టాడు. "నా పేణం దాని పుడకల్లో లేదురా. నువ్వు పక్కకి జరుగు, దాని వెలుతురుకి అడ్డంగా ఉన్నావు."

వరహాలమ్మ పుడకలు రెండూ పళ్ళెంలో పెట్టి, కాలివేళ్ళు చూసుకుంటూ నన్ను కొట్టుకుంది. ఆ తర్వాత గొట్టం తుడిచి మూత పెట్టింది. వీధిలో వాళ్ళు చూశారు, గుసగుసలు పోయారు. ఆవిడ మరుసటి రోజూ తీసింది, ఆ మరుసటి రోజూ తీసింది. ఆ మొండితనం చూసి నాకు గర్వంగా అనిపించింది.

తుమ్ములు వారంలో తగ్గాయి. ముక్కు పదో రోజుకు తెరిపినిచ్చింది. వాసన మాత్రం రాలేదు. ఆవిడ రోజూ వెన్న ముద్ద ముక్కు దగ్గర పెట్టుకుని దించేసేది. పందొమ్మిదో రోజున పెరట్లో బట్టలు ఆరేస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఏవండీ! బీడీ కాల్చేరా?"

దొడ్డిగోడ అవతల వీర్రాజు కొయ్యబారిపోయాడు. మానేశానని ఒట్టేసిన మనిషి, ఆవిడ ముక్కు పోయిన దగ్గర నుంచి రెండేళ్ళుగా దర్జాగా కాలుస్తున్నాడు. "లేదే," అన్నాడు. ఆవిడ గోడ దగ్గరికి వెళ్ళి, అతని చొక్కా పట్టుకుని వాసన చూసింది, మళ్ళీ చూసింది, ఆ చొక్కాలోనే మొహం పెట్టుకుని ఏడ్చేసింది. దొరికిపోయినందుకు సిగ్గుపడాల్సినవాడు ఆమె తల నిమురుతూ నిలబడ్డాడు. పుడకలు తియ్యనివ్వమన్నదీ ఆయనే, బీడీ పోగొట్టుకున్నదీ ఆయనే.

మాఘం దగ్గరపడ్డాక తాతబ్బాయి వచ్చాడు. సూరిబాబు తాను కొన్న వెన్నను అరిటాకులో పెట్టి సిద్ధంగా ఉన్నాడు. "చూడండి తాతబ్బాయిగారూ, మల్లెపువ్వులా ఉంది."

వరహాలమ్మ ఇంకా పుడకలు పెట్టుకోలేదు. బోసి ముక్కుతోనే వచ్చి, ఆకు ఎత్తి ఒక్కసారి చూసి దించింది. "నాలుగోవంతు డాల్డా. మిగతాది వెన్నే గానీ మూణ్ణాళ్ళ క్రితంది. ఎవరో నిన్ను బాగా మోసం చేసేరు మరిదీ."

తాతబ్బాయి గరిటెలో కొంచెం కాచి చూశాడు. ఎంతసేపటికీ కమ్మదనం రాలేదు. గరిటె దించి, వరహాలమ్మకు దణ్ణం పెట్టాడు. "డబ్బాలు పంపించేస్తానండి. మీరే కాయాలి."

సూరిబాబు ఆకు మడుచుకుంటూ గొణిగాడు. "ఎన్నాళ్ళు కొట్టుకుంటావు వదినా ఆ స్టెరాయిడు?"

"డాక్టరమ్మ ఆపమన్నదాకా. నువ్వు ఆపమన్నదాకా మట్టుకు కాదు."

అంటూనే ఆవిడ అందరి ముందూ కూర్చుని కెంపు పుడక శీల బిగించుకుంది.

నా లెక్క పూర్తయిన రోజున వీర్రాజు నన్ను ఊపి చూసి, అడుగున ఇంకా కాస్త ఉందన్నాడు. ఉన్నా కొలత సరిగ్గా రాదంట, అని వరహాలమ్మ నన్ను పొడి చెత్తలో వేసింది. నాకు కోపం రాలేదు. ఇప్పుడు ఊరి చివర కుప్పలో, విరిగిన దువ్వెనకూ పాల ప్యాకెట్లకూ మధ్య ఉన్నాను. ఎవరైనా నన్ను కాలితో తిప్పి, నా ఒంటి మీద కాగితం చదివి, మొహం చిట్లించుకుని పోవచ్చు. పోనివ్వండి. ఈ వేళప్పుడు మండపేటలో ఒక పొయ్యికి వీపు పెట్టుకుని కూర్చున్న మనిషి "ఇప్పుడు దించండి" అంటూ ఉంటుంది.