పుట్టింటి చెవికోత

గురవమ్మకు శాలువా కప్పిన పూటే ఆమె పొట్టేలును కోశారు. కంకిపాడు ఫంక్షన్ హాల్లో ముందు వైపు చప్పట్లు, వెనక వైపు కత్తి. రెండూ జరిపించింది ఒకే సంస్థ. పైగా ఆ సభ పేరు పశుపోషక మహిళల సాధికారత సదస్సు! సిగ్గు అనేది ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

గురవమ్మ, ఆమె మొగుడు జక్కయ్యలది పల్నాడు మెట్ట. అక్కడ వానలు మొహం చాటేసి, వాగులు ఎండి, బీళ్ళలో గడ్డి మాడిపోయాక ఏటా గొర్రెల మందను తోలుకుని కృష్ణ దాటి డెల్టాకు వస్తారు. కోత అయిపోయిన వరిచేలల్లో పగలు మేపుతారు, రాత్రికి ఏదో ఒక రైతు పొలంలోనే మంద కడతారు. ఎరువు రైతుకు, మేత గొర్రెలకు. ఈసారి కంకిపాడు దగ్గర దిగారు.

వాళ్ళలో ఒక కట్టుబాటుంది. పెళ్ళిలో తండ్రి అరణంగా ఇచ్చిన గొర్రెలకు ఆడపిల్ల పుట్టింటి చెవికోతే ఉంటుంది. వాటి కడుపున పుట్టిన పిల్లలకూ అదే కోత. గురవమ్మ పుట్టింటిది ఎడమ చెవి కొసన చీలిక, అత్తింటిది కుడి చెవికి గాటు. చీలిక ఉన్న జీవాన్ని ఆమెను అడగకుండా అమ్మకూడదు, కోయకూడదు. ఈ చెవులు కోసేది ఆడవాళ్ళే. పుట్టిన పిల్లను ఒళ్ళో పెట్టుకుని, కోసి, పసుపు అద్ది వదులుతారు. అది ఆడాళ్ళ పని అని మగాళ్ళు అటు తిరిగి కూడా చూడరు. జక్కయ్యా చూడలేదు. కర్ర భుజాన వేసుకుని, "నా మంద" అనుకుంటూ ముందు నడవడమే ఆయనకు తెలిసింది.

బొల్లోడు చీలిక చెవి పొట్టేలు. మూతి మీద తెల్లమచ్చ, సన్నటి కాళ్ళు, చూడ్డానికి ఏమీ ఉండడు. కానీ మొన్నటి కరువులో తుమ్మకాయలు నమిలి, గుక్కెడు నీళ్ళు లేకుండా మందతోపాటు నడిచాడు. వాడికి పుట్టిన పిల్లలూ అలాగే నడిచాయి. సంతలో కొనుక్కొచ్చిన బలిసిన పొట్టేలూ, దాని పిల్లలూ మాత్రం దారిలో కూలబడి చచ్చాయి. ఎండలు ఏటికేడు ముదురుతుంటే ఈ రక్తమే మందను నిలబెడుతుందని గురవమ్మ నమ్మకం. అందుకే బొల్లోణ్ణి కంటికి రెప్పలా చూసుకుంది.

బెంజ్ సర్కిల్లో ఆఫీసున్న సంస్థ నుంచి శాంభవి అనే ఆవిడ వచ్చి, సదస్సులో సన్మానం చేస్తామని గురవమ్మను పిలిచింది. వెళుతూ వెళుతూ జక్కయ్యను పక్కకు తీసుకెళ్ళింది. ఢిల్లీ నుంచి అతిథులు వస్తున్నారు, భోజనాల్లోకి మీ మందలో పొట్టేలే అయితే బాగుంటుంది, బదులుగా పెద్ద జాతి పొట్టేలును ఇప్పిస్తాం అంది. జక్కయ్యకు నోరూరింది. మందలో ఈడొచ్చిన పొట్టేలు బొల్లోడొక్కడే. సభ రోజు సంస్థ పంపిన కారు గురవమ్మ ఎక్కగానే వాణ్ణి ఆటోలో వేసి వెనక దారిన పంపించాడు.

స్టేజీ మీద శాంభవి మైకు పట్టుకుని, "ఈ మంద గురవమ్మ గారిదండీ! ప్రతి నిర్ణయం ఆవిడదే!" అంది. హాలంతా చప్పట్లు. గురవమ్మకు నిజంగానే గుండె నిండింది.

భోజనాల వేళ చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళింది. పొయ్యిల పక్కన బేసిన్లో తలకాయ ఉంది. మూతి మీద తెల్లమచ్చ. ఎడమ చెవి కొసన చీలిక, తన చేత్తో కోసిందే. గురవమ్మకు ఏడుపు రాలేదు. ఏడ్చే మనిషి కాదు.

"ఎవర్నడిగి కోశారమ్మా దీన్ని?"

వెనకే వచ్చిన శాంభవి తడబడింది. "మీవారినే అడిగామండీ. ఆయనే దగ్గరుండి పంపించారు. ఏమైందండీ?"

"మంద నాదని ఇందాకే గదా మైకులో అరిచావు. మరి నన్నెందుకు అడగలా?"

"ప్లీజ్ అండీ, గెస్టులు వింటారు. తర్వాత మాట్లాడుకుందాం."

వినాల్సిందే వాళ్ళు. గురవమ్మ శాలువా విప్పి, బొల్లోడి తలను అందులో చుట్టి చంకన పెట్టుకుంది. పక్క దారి ఉన్నా పోలేదు. ప్లేట్లు పట్టుకున్నవాళ్ళ మధ్య నుంచి, నెత్తుటి మరకలు కనపడేలా నడిచి బయటికొచ్చింది. ఒక్కళ్ళూ ముద్ద ఎత్తలేదు.

పొలం చేరి, గట్టు పక్కన గుంట తీసి పూడ్చింది. జక్కయ్య చేతులు నడుముకు పెట్టుకుని వచ్చాడు.

"ఏందే ఈ గోల? ఒక్క పొట్టేలు! ఏనుగంత పొట్టేల్నిస్తామన్నారు."

"ఆ ఏనుగు తుమ్మకాయలు తిని నడుస్తదా?"

"నా మందలోది నేనిచ్చా. నిన్నడగాలా?"

గురవమ్మ మంద చుట్టూ కట్టిన వల ఒక పక్క విప్పి, ఆ సందులో నిలబడింది. ఒక్కో గొర్రెను చెవి తడిమి చూస్తోంది. చీలిక ఉన్నదాన్ని గట్టు అవతలికి వదులుతోంది, గాటు ఉన్నదాన్ని వెనక్కి నెడుతోంది. మందను చీల్చడమంటే కాపురం చీల్చినట్టే. జక్కయ్యకు అది తెలుసు. అయినా నవ్వాడు.

"చీల్చుకో. మీ నాయన ఇచ్చింది నాలుగు జీవాలేగా, తీసుకుని పో."

చీలిక. చీలిక. గాటు. మళ్ళీ చీలిక. మెడలో గంట కట్టిన ముందు నడిచే గొర్రె కూడా గట్టు దాటింది. అత్తింటి గొర్రెల్ని కరువు మింగేసింది. పుట్టింటివి తట్టుకుని ఈని పెరిగాయి. ఈ సంగతి చెవులు చూసినవాళ్ళకు తెలుస్తుంది.

జక్కయ్య నవ్వు ఆగింది. పరుగున వెళ్ళి ఒక గొర్రెను పట్టుకుని, చెవి తిప్పి చూశాడు. జన్మలో మొదటిసారి. ఇంకోదాన్ని పట్టుకున్నాడు. దాన్నీ వదిలేశాడు. వలలో ఆయనకు మిగిలినవి పళ్ళూడిన ముసలివి, కుంటివి, గుప్పెడు.

"గురవా... వీటితో ఊరికెట్టా పోనే?"

"పెద్ద పొట్టేలొస్తదిగా. దాని ఎనకమాల పో."

గురవమ్మ నోటితో కూత వేసింది. మంద కదిలింది. అందులో సగం గొర్రెలు బొల్లోడి వల్ల చూలు కట్టి ఉన్నాయి. ఇప్పుడు ఆమెకు కావాల్సింది అవి క్షేమంగా ఈనడమే.

జక్కయ్య కొంతదూరం పక్కపక్కనే నడిచాడు. ఎప్పటిలా ముందుకు పోబోయి ఆగాడు. కర్ర దించి అడిగాడు.

"నేనూ... రానా?"

"ఆలోచించి చెప్తా," అని గురవమ్మ మందను కాలవ గట్టు ఎక్కించింది.