గోడలు నావి, ఉలులు దానివి

మా తోడల్లుడికీ నాకూ గొప్పలెక్కువ. వడ్రంగి షెడ్డు ఇద్దరి పేరా కొన్నప్పుడు లాయరు ఒక మాట అడిగాడు. ఒకరు పోతే ఆ సగం వారసులకు వెళ్లాలా, లేక మిగిలినవాడికే మొత్తం చెందాలా అని. అప్పటికి మా ఇద్దరికీ పిల్లల్లేరు. పైగా ఎవడికి వాడు నూరేళ్లు బతికేది తానేననుకునే రకం.

“మిగిలినవాడికే రాయండి. వీణ్ణి సాగనంపి నేనే ఏలుకుంటా” అన్నాడు వాడు. నేనూ అదే కోత కోశాను. నవ్వుకుంటూ సంతకాలు పెట్టేశాం. తర్వాత వాడికి కూతురు పుట్టింది, నాకు ఎవరూ పుట్టలేదు. కాగితం మార్చుకోవాలన్న ధ్యాస మాత్రం ఇద్దరికీ రాలేదు.

వెధవ, నాకంటే చిన్నవాడు, నాకంటే ముందు పోయాడు. షెడ్డు మొత్తం నాదైంది. పనిముట్లు ఉమ్మడివి కావు కాబట్టి కూతురికి వాడి ఉలుల పెట్టె ఒక్కటే దక్కింది. అదృష్టమంతా నీదేనోయ్ అన్నవాడిని ఒకణ్ణి గుమ్మంలోంచే వెనక్కి పంపాను. ఆ పిల్ల ఈ షెడ్డులోనే, ఈ రంపపు పొట్టులోనే ఆడి పెరిగింది. తండ్రి పక్కనే నిలబడి పని నేర్చింది. ఇప్పుడు పెట్టె చంకన పెట్టుకుని ఎవడి దగ్గరో కూలికి చేరాలా?

పెట్టె తీసుకెళ్లడానికి వచ్చిన రోజు చెప్పాను, సగం నీదే, నీ పేర రాయిస్తానని. అలాంటి కాగితాన్ని దానపత్రం అంటారట. ఆ మాట నోరుజారడమే నా కొంప ముంచింది.

“దానం తీసుకోను పెదనాన్నా. నాన్న తెలిసే సంతకం పెట్టాడు” అంది.

ఒళ్లు మండింది నాకు. తండ్రి పొగరంతా పుణికిపుచ్చుకుంది మరి. అయితే వెళ్లమన్నాను. వెళ్లబోతూ, తండ్రి సగంలో వదిలేసిన సొరుగుల బీరువా ముందు ఆగిపోయింది. అన్నీ అయ్యాయి, అడుగు సొరుగు ఒక్కటే మిగిలింది. అది పూర్తి చేసే వెళ్తానంది.

నేను మూతి ముడుచుకుని నా పని చేసుకుంటున్నట్టు నటించాను గానీ, చూపంతా అటే. తండ్రి బల్ల మీదే పలకలు చిత్రిక పట్టింది. సొరుగు బిగించి తోసి చూసేది, మళ్లీ లాగేది, పట్టేసిన చోట సన్నటి పొర ఒకటి తీసేది. విసుగన్నదే లేదు. సాయంత్రానికి ఇంకోసారి తోసింది. అడుగు సొరుగు మెత్తగా లోపలికి వెళ్లింది. లోపలి గాలికి దారి లేక, పై సొరుగు దానంతట అదే బయటికొచ్చింది.

వెంట్రుకంత సందు కూడా లేకపోతేనే అలా వస్తుంది. మా తోడల్లుడికి వచ్చేది. నాకు ఇంతవరకూ రాలేదు. గర్వంతో నా గుండె పొంగిపోయింది. వాడు ఉండి చూడాల్సింది.

“పెట్టె ఇలా తే” అన్నాను. “గోడలు నావి, ఉలులు నీవి. ఉలుల్లో సగం నాకియ్యి, గోడల్లో సగం నువ్వు తీసుకో. దీన్ని దానమని ఎవడంటాడో నేనూ చూస్తా.”

అది పెట్టె తెరిచి, మొద్దుబారినవన్నీ ఏరి నా వైపు తోసింది. బేరం కుదిరింది.

మర్నాడు లాయరు మళ్లీ ఆ పాత ప్రశ్నే అడిగాడు. ఒకరు పోతే వారసులకా, మిగిలినవారికా అని.

“వారసులకి” అంది అది, ఠక్కున.

“మిగిలినవాళ్లకే రాయండి” అన్నాను. ఇల్లెలాగూ మా ఆవిడ పేరునే ఉంది, ఆవిడకి లోటుండదు. “దీన్ని సాగనంపి నేనే ఏలుకుంటా.”

అది నా నెరిసిన తల వంక చూసింది. కళ్లు తుడుచుకుంది. తండ్రి పోయాక మొదటిసారి, అచ్చం వాడిలాగే పగలబడి నవ్వింది.

“చూద్దాం పెదనాన్నా, ఎవరేలతారో” అని సంతకం పెట్టింది.