ముప్పై రెండు ముద్రలు, ఒకటే వేలు

నేను ఒక స్టాంపు ప్యాడును. ఆ మధ్యాహ్నం నా మీద ముప్పై రెండుసార్లు పడినవి ముప్పై రెండు వేళ్లు కావని, ఒకే మనిషి బొటనవేలని తెలిసినప్పుడు, నాకు గుండె ఉంటే ఆగిపోయేది.

పంచాయతీ ఆఫీసు తలుపుకు లోపల గడియ. వేలు నా మీద పడుతోంది, కాగితం మీదికి పోతోంది, మళ్లీ వస్తోంది. పద్దెనిమిదోసారి కాస్త వణికింది. అయినా ఆగలేదు. అంతా అయ్యాక ఆ వేలిని తడిగుడ్డతో రుద్దిరుద్ది తుడిచాడు. వేలుముద్ర వేసినవాళ్లు మామూలుగా గుడ్డ వెతుక్కోరు. సిరా తలకు రాసుకుని పోతారు.

ఆపైన నా మూత పడింది. ఊళ్లో ఆ సంగతి తెలిసిన రెండోదాన్ని నేనే. చెప్పడానికి నోరు లేదు.

నా పుట్టుక గొప్పదేం కాదు. రేకు డబ్బా, అందులో ఉన్నిగుడ్డ, దాని మీద ఊదా సిరా. మొదట ఒక దస్తావేజుల లేఖరి దగ్గర ఉన్నాను. పొలం పంచుకునే అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూడకుండా నన్ను అద్దుకునేవారు, బయటికెళ్లి ఒకే మోటారు సైకిలెక్కి ఇంటికి పోయేవారు. మనుషుల్ని అర్థం చేసుకునే ప్రయత్నం అప్పుడే మానేశాను. లేఖరి పని మానుకుంటూ నన్ను ఈదులగుట్ట పంచాయతీకి ఇచ్చేశాడు.

అక్కడ పన్నులు వసూలు చేసి రాతకోతలు చూసే కారోబార్ రాజమల్లు. ఇరవై రెండేళ్లుగా అదే కొలువు, ఇప్పటికీ తాత్కాలికమే. చదువురానివాళ్లకు దరఖాస్తులు ఉచితంగా రాసిపెట్టేవాడు. మంచివాడే. ఆ మధ్యాహ్నపు వేలు అతనిదే.

పది రోజులకు బడి ముందు టెంటు వేశారు. గుట్టను క్వారీకి ఇవ్వడం మీద ప్రజాభిప్రాయ సేకరణ. గుట్ట కింద రోళ్లు, సన్నెకళ్లు చెక్కుకుని బతికే వాడ ఒకటుంది. క్వారీ వస్తే ఆ ఇళ్లు లేచిపోవాలి. నన్ను బల్ల మీద పెట్టారు, మూత వేసే.

ఆర్డీఓ కాగితం చదివాడు. “గుట్ట కింది ముప్పై రెండు ఇళ్ల పెద్దలు క్వారీకి ఒప్పుకున్నారు. ఇళ్లు ఖాళీ చేస్తామని వేలుముద్రలు కూడా వేశారు.”

“మేమెప్పుడు ఏసినం?” టెంటు గొల్లుమంది.

“వేలుముద్ర అబద్ధం చెబుతుందా?” అన్నాడు ఆర్డీఓ.

రోళ్లు చెక్కే దుర్గవ్వ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. “సారూ, ఆర్నెల్ల సంది రేషన్ మిషనే నా ఏలును గుర్తుపడ్తలేదు. నీ కాయితం ఎట్ల గుర్తువట్టింది?”

జనం నవ్వారు. ఆర్డీఓ నవ్వలేదు. “ప్యాడు తెరువు,” అన్నాడు.

మూత తీసింది రాజమల్లే. దుర్గవ్వ వేలు నా మీద పడింది. అరవై ఏళ్లు ఉలి పట్టిన వేలు, గులకరాయిలా నున్నగా ఉంది. తెల్లకాగితం మీద ఒట్టి ఊదా మచ్చ పడింది, ఒక్క గీత లేదు. జాబితాలో పద్దెనిమిదో పేరు ఆమెది. దాని పక్కన మాత్రం సుడి తిరిగిన గీతలు, లెక్కపెట్టుకోవచ్చు.

వెనకనుంచి పోచయ్య వేలెత్తాడు. “నాదీ గంతే సారూ. నా పెండ్లాం దీన్ని గోలీ అంటది.”

ముందు వరసలో కూర్చున్న క్వారీ యజమాని తొందరపడ్డాడు. “కావాలని అలికింది సార్. మిషను పట్టలేదనడానికి రుజువేది?”

“ఎందుకు లేదు?” దుర్గవ్వ సిరావేలు తలకు రాసుకుని, అదే చేయి రాజమల్లు భుజం మీద వేసింది. “మిషను మీద దరఖాస్తు రాసిచ్చింది మా రాజమల్లే. అడుగుండ్రి. కొడుకసుంటోడు, అబద్ధమాడడు.”

రాజమల్లు చేయి నా మూత మీదే ఉంది. దాన్ని నా మీద వేయబోయి, మళ్లీ పక్కన పెట్టేశాడు. ఇన్ని రోజులూ ఆ రహస్యంతో డబ్బాలో మూతపడి ఉన్నది నేనొక్కదాన్నే అనుకున్నాను.

“చెప్పవయ్యా,” అన్నాడు ఆర్డీఓ.

“అవ్వ చెప్పింది నిజమే సారూ. ‘రాయి కొట్టి గీతలు అరిగినయి’ అని దరఖాస్తుల నేనే రాసిన. ఈ కాయితం మీద ఏలు గూడ నాదే. ముప్పై రెండూ నావే. క్వారీ వాళ్లు నౌకరి పర్మినెంటు చేపిస్తమన్నరు. తలుపు గడియ పెట్టుకొని ఏసిన. అవ్వ పేరు కాడ చెయ్యి వణికింది. గప్పుడు గూడ ఆమె ఏలు యాదికి రాలే సారూ. కాయితం మీద పేరే కనవడ్డది. ఏసిన.”