గోడ లేని కిటికీ

నేను ఒక కిటికీని. టేకు చట్రం, నాలుగు రెక్కలు, వేలంత లావు ఇనుప ఊచలు. పుట్టుకలో ఏ లోపమూ లేదు. బతుకులో లేనిదల్లా ఒక గోడ.

నర్సాపురంలో గోదావరి ఒడ్డున ఒక బియ్యం వ్యాపారి మేడ కోసం నన్ను చేశారు. ఎదురుగా ఏరు పారుతుంటే, ఇసక ఎగిరి పరుపుల మీద పడుతోందని ఆ ఇంటివాళ్లు నన్ను ఎప్పుడూ మూసే ఉంచారు. రెక్కల సందులోంచి నేను చూసిన గోదావరి చీరంచంత. ఉన్నవాళ్లకి ఉన్నదాని మీద మోజు ఎప్పుడుంటుంది గనక! కొన్నాళ్లకి ఆ మేడ పడగొట్టారు. నేను పాత కలప కొట్టుకి చేరాను.

అక్కడ నన్ను కొనుక్కున్నది వీరవేణి. ఆమె లేసు అల్లుతుంది. ఆమె పెంకుటింటికి రెండు పక్కలా మేడలు లేచాయి, వెనక గోదాం ఉంది. పట్టపగలే లైటు వేసుకోవాలి. ఆ లైటు కింద తెల్లదారం మీద తెల్లదారం కళ్లకి ఆనదు. సాయంత్రమయ్యేసరికి తల పట్టుకునేది. ఆ ఇంటికి వెలుతురు రావాలంటే అటక మీదుగానే రావాలి. అటకని గదిగా మార్చి, వెనక గోడకి కిటికీ పెట్టించి, గోదాం కప్పు మీదుగా గోదావరిని చూస్తూ అల్లుకోవాలని ఆమె కోరిక. గదికి ఎంతవుతుందో ఎవర్నీ అడక్కుండానే లేసు డబ్బులతో నన్ను కొని రిక్షాలో వేయించుకొచ్చింది.

ఆమె భర్త అబ్బులు ఏరు దాటించే పంటు మీద టిక్కెట్లు ఇస్తాడు. నన్ను చూసి పకపకా నవ్వాడు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందే నీ యవ్వారం!"

"పేరెట్టేస్తే కొడుకు ఆడే పుడతాడులెండి" అందామె.

నన్ను అటకెక్కించి, ఊరగాయ జాడీల పక్కన వెల్లకిలా పడుకోబెట్టారు. అప్పట్నించీ నా లోకం పెంకుల అడుగుభాగం.

ప్రతి వేసవికీ తాపీమేస్త్రి గవర్రాజు వచ్చేవాడు. మెడ ఎత్తి అటకని చూసి, మీసం దువ్వి, ఒక అంకె చెప్పేవాడు. అది వినగానే మొగుడూ పెళ్లాలు గదిని కొంచెం కొంచెంగా కోసేవారు. ఒక ఏడు పెంకుల కింద వేయాలనుకున్న చెక్క పోయింది. మరుసటేడు మెట్లు పోయి నిచ్చెన వచ్చింది. వీళ్లు ఒక మెట్టు దిగితే సిమెంటు రెండు మెట్లు ఎక్కేది. తుఫానుకి పెంకులు లేచిపోయిన ఏడు దాచిందంతా కప్పుకే సరిపోయింది. మనుషులు చిత్రమైనవాళ్లు, కోరికని ముక్కలు కోసుకుంటూ కూడా జోకులేసుకుంటారు. పైన నాకు మాత్రం ప్రాణం చివుక్కుమనేది.

పోయిన వేసవిలో వీరవేణి ఒక బల్లగుడ్డ లేసులో వరస తప్పింది. కొట్టువాళ్లు తిప్పి పంపారు, ఇంకోసారి ఇలాగైతే పని ఇవ్వమన్నారు. ఆ వారమే గవర్రాజు వచ్చాడు.

"ఆయ్, ఈ డబ్బులకి అవ్వదండి. ఆ టేకు కిటికీ అమ్మేయండి, మంచి రేటొత్తాది. గాలికి చిన్న కంత ఒదిలేసి గది లాగించేద్దాం."

"అదీ నిజమేనే" అన్నాడు అబ్బులు.

నాకు భయమేసింది. వీరవేణి ఒళ్లో ఉన్న ఆ బల్లగుడ్డని, తప్పిన వరస దగ్గర, వేలితో తడుముతూ కూర్చుంది.

"గది తీసేయండి మేస్త్రిగారూ" అంది చివరికి. "నేలొద్దు, మెట్లొద్దు. వెనక గోడ కొట్టి కిటికీ పెట్టేయండి. నేను కూకునే చోటికి పైన అటక చెక్కలు ఊడదీసేయండి. నేను ఎక్కలేకపోతే అదే దిగొత్తాది."

"ఏదే?" అన్నాడు అబ్బులు.

"ఎలుతురండీ."

గవర్రాజు ఈసారి మీసం దువ్వలేదు. రెండు రోజుల పనే అన్నాడు.

అలా నాకు గోడ దొరికింది. వాన వస్తే అబ్బులు నిచ్చెనెక్కి మూస్తాడు గానీ, మిగతా రోజులన్నీ నా రెక్కలు బార్లా తెరిచే ఉంటాయి. ఇప్పుడు గోదావరి చీరంచంత కాదు, నిండుగా కనిపిస్తుంది. పంటు మీద అబ్బులు టిక్కెట్లు చింపడం కూడా కనిపిస్తుంది.

పొద్దెక్కేకొద్దీ నా ఊచల మధ్య నుంచి వెలుతురు వీరవేణి ఒళ్లోకి దిగుతుంది. అది జరిగినకొద్దీ ఆమె కూడా చాప జరుపుకుంటూ అల్లుతుంది. వరసలు తప్పడం లేదు. ఒక్కోసారి మాత్రం సూది ఆపి, తలెత్తి నా వంక చూస్తుంది.

"ఏవండీ, దానికి ఏరు కనపడతందంటారా?" అని భర్తని అడుగుతుంది.

"కనపడకేం!"

ఆమె నన్నే చూస్తూ కాసేపు ఉండిపోతుంది. ఆమె చూడాలనుకున్న గోదావరిని ఆమె బదులు నేను చూస్తున్నాను. ఎలా ఉందో చెబుదామంటే నాకు నోరు లేదు. అందుకే వచ్చిన వెలుతురంతా ఆమె ఒళ్లోకే పంపిస్తున్నాను.