ఎబినేజర్ బిగించిన ఏసీ

ఏప్రిల్ ఎండలో అంబదాస్ తన పాత తెల్ల అంబాసిడర్‌ను ఆదిలాబాద్ నుంచి నడుపుకుంటూ వచ్చి, కరీంనగర్‌లో ఎబినేజర్ ఏసీ రిపేరు షెడ్డు ముందు ఆపాడు. అద్దాలన్నీ దించి ఉన్నాయి. చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. డెబ్బై దాటిన మనిషి ఇంత వేడిలో ఇంత దూరం ఎందుకొచ్చాడో ఎబినేజర్‌కు అర్థం కాలేదు. ఎబినేజర్ భార్య రెబెకా చనిపోయినప్పుడు అంబదాస్ ఒక్కడే వచ్చి వెళ్లాడు. ఆ తర్వాత ఇద్దరూ కలుసుకోవడం ఇదే.

నీళ్లు తాగి కాస్త తేరుకున్నాక అంబదాస్ సంగతి చెప్పాడు. ఆయన భార్య జమునకు మోకాళ్లు పట్టేశాయి. కొడుకు కొన్న ఎత్తు కారు ఎక్కలేకపోతోంది. అంబాసిడర్ సీటులోనైతే సులువుగా కూర్చుంటుంది గానీ, అందులో ఉక్కపోతకు కళ్లు తిరుగుతున్నాయి. ఏసీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఆదిలాబాద్‌లో అడిగితే దీనికి పట్టే గ్యాస్ ఇప్పుడు తయారే కావడం లేదని, బండిని తుక్కుకు ఇచ్చేయమని అన్నారట.

"నువ్వు వెట్టిన ఏసీ. నువ్వే జూడాలె, ఎబినేజర్ భాయ్," అన్నాడు.

ఎబినేజర్ ఏసీ పని నేర్చుకున్నది కువైట్‌లో. అక్కడ యుద్ధం వచ్చి ఒక చేతిసంచితో ఇల్లు చేరాక ఈ షెడ్డు తెరిచాడు. కారులో ఏసీ కావాలనేవాళ్లు ఆ రోజుల్లో ఇక్కడ ఎవరున్నారు? ఈగలు తోలుకోలేక దుబాయ్ వీసా కోసం ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చేశాడు. అప్పుడే పత్తి వ్యాపారి అంబదాస్ కొత్త అంబాసిడర్‌తో వచ్చాడు. ఎబినేజర్ పైపులు తానే కోసి, కంప్రెసర్ నిలబడటానికి ఇనుప పట్టీ కొట్టించి, తిండి కూడా మరచి ఆ ఏసీ బిగించాడు.

మొదటిసారి రెండు జంటలూ కలిసి ఆ కారులో బాసర వెళ్లారు. నడి వేసవి. దారి పొడవునా మిగతా ముగ్గురూ నవ్వుతూ మాట్లాడుకుంటుంటే ఎబినేజర్ మాత్రం కంప్రెసర్ చప్పుడే వింటూ కూర్చున్నాడు. బాసరలో జమున దర్శనానికి వెళ్లింది. కడుపుతో ఉన్న రెబెకా గోదావరి ఒడ్డున మెట్ల మీద కూర్చుంది. మగవాళ్లిద్దరూ బానెట్ ఎత్తి కారు చుట్టూనే తిరిగారు. మళ్లీ ఇంటి ముందు దిగేదాకా చల్లదనం తగ్గలేదు. ఆ మాట పత్తి జిన్నింగ్ మిల్లుల్లో పాకింది. ఒక కారు తర్వాత ఒకటి వచ్చింది. ఎబినేజర్ దుబాయ్ పోలేదు.

ఇప్పుడు షెడ్డు నడిపేది అప్పుడు రెబెకా కడుపులో ఉన్న కూతురు బ్లెస్సీయే. ఎబినేజర్ చేతులకు పట్టు తప్పి, పని మానేసి చాలా కాలమైంది. బ్లెస్సీ బానెట్ ఎత్తి చూసింది. కంప్రెసర్ బాగానే ఉంది, పైపులు మాత్రం పగుళ్లిచ్చాయి. పాత ఆయిల్ కడిగేసి, పైపులు, రబ్బరు రింగులు, తేమ పీల్చే డ్రయ్యర్ మార్చి, ఇప్పుడు దొరికే కొత్త గ్యాస్ నింపితే నడుస్తుందని చెప్పింది.

ఎబినేజర్ లోపలికి వెళ్లాడు. మంచం కింద నుంచి దుమ్ము పట్టిన డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది పాత గ్యాస్. దొరకడం ఆగిపోయిన రోజుల్లో దాచిన ఆఖరి డబ్బా.

"గిది నింపు బిడ్డా. గీ బండి కోసమే దాసిన."

బ్లెస్సీ డబ్బా మీది దుమ్ము తుడిచింది. నెమ్మదిగా అంది. "బాపూ, మల్ల ఏడన్న కారిందనుకో, ఇంకో డబ్బా ఏడికెల్లి తెస్తవ్? గాలిల కలిస్తె గది మంచిది గూడ కాదు."

"కొత్త గ్యాస్ గంత సల్లగ జెయ్యది."

"జెయ్యది," అని ఒప్పుకుంది బ్లెస్సీ. "ముంగట పెద్ద కండెన్సర్ వెడ్త. అయినా జర తక్కువే ఉంటది. గని పెద్దమ్మ పానానికి సాలు."

ఎబినేజర్ డబ్బా మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. చివరికి దాన్ని పక్కకు జరిపి, పాత పైపులు తీసెయ్యమన్నాడు. ఒక్క నట్టు మాత్రం తనే విప్పుతానన్నాడు. పానా జారిపోతుంటే బ్లెస్సీ ఆయన చేతి మీద తన చెయ్యి వేసి పట్టింది. నట్టు కదిలింది. పాత గ్యాస్ సేకరించేవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారని, డబ్బాను వాళ్లకు పంపుతానని ఆమె చెప్పింది. ఆయన తలూపాడు.

మర్నాటి సాయంత్రానికి పని పూర్తయింది. ఆ మరుసటి పొద్దున ఎబినేజర్ కూడా అంబదాస్ పక్కన కూర్చుని ఆదిలాబాద్ బయల్దేరాడు. జగిత్యాల దాటేదాకా చల్లగా ఉంది. ఊళ్లలో బండి నెమ్మదిస్తే కాస్త వెచ్చబడేది, రోడ్డు ఖాళీ అయితే మళ్లీ చల్లబడేది. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్‌కు భారమని అంబదాస్ పాత అలవాటుగా ఏసీ ఆపి అద్దాలు దించాడు. టేకు అడవి వేడిగాలి ఇద్దరి ముఖాలకూ కొట్టింది. ఎబినేజర్ నవ్వాడు.

ఇంటి ముందు జమున వచ్చి, ఒక చేత్తో తలుపు పట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. ఏసీ గాలి ముఖానికి తగలగానే కళ్లు మూసుకుంది. ఆనాటంత చల్లగా లేదు కదా వదినా అని ఎబినేజర్ అడిగాడు. ఆమె కళ్లు తెరిచింది.

"బాసర్ల నేను గుడిలకెల్లి అచ్చేసరికి రెబెకా మెట్ల మీద కండ్లు మూసుకొని ప్రార్థన జేస్తున్నది తమ్మీ," అంది. "'ఏం అడిగినవే' అన్న నేను. 'గీ ఏసీ చెడిపోవద్దని అడిగిన అక్కా, గిది నడిస్తె ఆయన దుబాయ్ పోడు' అన్నది. నేను మల్ల గుడిలకు వొయ్యి గదే మొక్కి అచ్చిన."

ఎబినేజర్‌కు ఈ సంగతి తెలియదు. రెబెకా ఏనాడూ చెప్పలేదు. పొమ్మని గానీ, ఉండమని గానీ ఆమె అప్పట్లో ఒక్క మాట అనలేదు. నిర్ణయం తనకే వదిలేసిందని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఆయన ముందుకు తిరిగి, జేబులోంచి రుమాలు తీసుకున్నాడు.

అంబదాస్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తలుపు వేసి, కారును నెమ్మదిగా పెద్ద రోడ్డు వైపు తిప్పాడు. ఎటు పోదామని అడిగితే, ఎటైనా సరే కొంతసేపు తిప్పమంది జమున.